శనివారం కుర్చీ

తలుపు వేసేశారు. గడియ పడలేదు. అసలు ఆ తలుపుకు గడియే లేదు, ఆ సంగతి తాళాల ఫాదర్‌కి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది, పోయిన చలికాలంలో పొడుగాయన లోపల కళ్ళు తిరిగి పడిపోయి తలుపు బద్దలుకొట్టినంత పనైతే, మర్నాడే స్క్రూడ్రైవర్ పట్టుకొచ్చి ఆ గడియను ఊడబెరికింది ఆయనే కదా. అయినా ఆ తలుపు దగ్గరికి వేసిన చప్పుడు మాత్రం గడియ పడ్డట్టే వినిపించింది. వసారాలో బెంచీ మీద కూర్చున్నాడు. నడుముకున్న తాళాల గుత్తి బెంచీకి తగిలి గలగలమంటే చేత్తో పట్టుకుని ఆపాడు. ఆ గుత్తి వల్లే ఆయన తాళాల ఫాదర్ అయ్యాడు. ఒంట్లో ఓపికున్నన్నాళ్ళూ విచారణల్లో, అంటే తమకిచ్చిన ఊళ్ళ గుళ్ళలో, పూజలు చేసి, పెళ్ళిళ్ళు చేసి, సమాధులు దీవించి, ఇక చాలనిపించుకున్న కథోలిక గురువులు చివరికి వచ్చి చేరే ఇల్లు ఇది. ఈ ఇంట్లో ఏ గది తాళమైనా ఆ గుత్తిలో ఉంది. గడియ కూడా లేని ఈ ఒక్క తలుపుకే ఇవాళ ఆయన బయటివాడు. లోపల చావుబతుకుల్లో ఉన్న పొడుగాయన ఆయన ప్రాణ స్నేహితుడు. ఆ స్నేహితుడి పక్కన కూర్చుని పాపసంకీర్తనం, అంటే ఆయన చెప్పుకునే పాపాలు, వింటున్నవాడు మాత్రం నిన్నగాక మొన్న వచ్చిన రేడియో ఫాదర్.

మీరు కాదు ఫాదర్. ఎంత తేలిగ్గా అనేసింది నర్సమ్మ. భోజనాల బల్ల దగ్గర అందరూ ఉన్నారు, సూపు గిన్నెలు ఇంకా తీయలేదు, ఆమె గుమ్మంలో నిలబడి పొడుగాయన సంకీర్తనం చేసుకుంటారట అనేసరికి ఈయన అప్పటికే లేచాడు, లేవడమేమిటి, పొద్దున డాక్టరు ఇదే వసారాలో నిలబడి తన బూట్ల వంక చూసుకుంటూ ఇక ఎవరైనా దగ్గరుండండి అన్నప్పటినుంచీ ఊదారంగు పట్టీ మడతపెట్టి జేబులో వేసుకునే తిరుగుతున్నాడు, సంకీర్తనం వినేటప్పుడు గురువు మెడలో వేసుకునే పట్టీ అది, కుర్చీ వెనక్కి నెట్టాడు, ఒక చెయ్యి జేబులోకి పోయింది కూడా. అప్పుడంది. "మీరు కాదు ఫాదర్, రేడియో ఫాదర్‌ని పిలవమన్నారు." లేచినవాడు లేచినట్టే నిలబడి, జేబులో చెయ్యి జేబులోనే ఉంచి, దేనికోసమో వెతుకుతున్నట్టు కాసేపు నటించి, చేతిరుమాలు తీసి మూతి తుడుచుకున్నాడు. వాడేమో చెంచా నెమ్మదిగా కింద పెట్టి, "నన్నా?" అన్నాడు. ఆహా ఏం వినయం. నన్నా అట. వాడు కాదు, ఆయన. గురువును పట్టుకుని వాడు వీడు అనుకోకూడదు. వాడే.

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా. పోయిన వానలప్పుడు వచ్చాడు, రెండు మోకాళ్ళూ అరిగిపోయి, కర్ర పట్టుకుని, మూడు పెట్టెల పుస్తకాలతో. రోజూ పొద్దున రేడియోలో అయిదు నిమిషాల మంచిమాటలు చెప్పేవాడట ఎన్నో ఏళ్ళు, ఆ గొంతు విని ముసలమ్మలు పొయ్యి సంగతి మరిచిపోయి పాలు పొంగబెట్టుకునేవారట, ఇదంతా వంటామె చెప్పింది, ఆమె వాళ్ళమ్మ కూడా పొంగబెట్టుకుందట. వచ్చిన వారానికే పొడుగాయన గదిలో పేపరు చదివి వినిపించడం మొదలుపెట్టాడు. అంతకుముందు పేపరు చదివింది ఎవరు, ఈయనే, కాకపోతే ఈయన హెడ్డింగులు చదివి తక్కినది నీకెందుకులే అనేవాడు, వాడు వాతావరణం దగ్గరనుంచి తప్పిపోయిన కుక్కల ప్రకటనల దాకా ఒక్కో కుక్కకు ఒక్కో గొంతు పెట్టి చదువుతాడు. పైగా మేత్రాణుల గొడుగు జోకు. మేత్రాణులంటే పీఠాధిపతి, ఆయన గొడుగు మరిచిపోయి వానలో తడుస్తూ ఎవరి గొడుగుకిందికీ రాకపోవడం గురించి, ఆ జోకు ఈయనది, సొంతది, సెమినరీలో చదువుకునే రోజులనుంచి చెబుతున్నది, పొడుగాయన దానికి నవ్వడం మానేసి ఎన్నేళ్ళయిందో. వాడు చెప్పాడు. అదే జోకు. పొడుగాయన కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదు మరి.

లోపలనుంచి మాటలేమీ వినపడవు. వినకూడదు కూడా, అందుకే బెంచీ ఆ చివర కూర్చున్నాడు, ఫ్యాను చప్పుడు తలుపుకూ తనకూ మధ్య ఉండేలా. ఇప్పుడు మౌనం వేళ. భోజనాలయినప్పటినుంచి ఈయన కాఫీ గంట కొట్టేదాకా ఈ ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు, ఇల్లు కట్టిన పెద్దస్వామి పెట్టిన నియమం అది. గుడికి తెచ్చిన ఇటుకల్లో మిగిలినవాటితో ఈ ఇల్లు కట్టాడట ఆయన, అందుకే మేడమీద గదులకు వచ్చేసరికి ఇటుకలు చాలక గోడలు పలచబడ్డాయి, ఒక గదిలో తుమ్మితే మూడో గదిలో చల్లగా ఉండు అంటారు. ఒకప్పుడు ఇరవైమంది ఉండేవారు, స్నానాలగది దగ్గర తువ్వాళ్ళు భుజాన వేసుకుని వరుసలో నిలబడేవారు. బట్టలు ఉతికేచోట కలిసిపోకుండా ఒక్కొక్కరికీ ఒక అంకె, కాలరు లోపల ఎర్రదారంతో కుట్టేవారు. మనిషి పోతే ఆ అంకె కొత్తగా వచ్చినవాడికి పోతుంది. ఇప్పుడు అయిదుగురే. అంకెలు కావలసినన్ని ఖాళీగా ఉన్నాయి, అయినా ఆ మహానుభావుడు వచ్చినప్పుడు, తాళాల గుత్తి ఉంది కదా అధికారం ఉంది కదా అని, ఎవరూ అడక్కుండానే ఈయన వెతికి వెతికి అచ్చిరాని పదమూడు ఇచ్చాడు. వాడు నవ్వి తీసుకున్నాడు. నా పుట్టినరోజు ఫాదర్, మీకెలా తెలుసు అన్నాడు.

బల్ల దగ్గర కూడా అంతే, ఎవరికి తోచిన చోట కూర్చోవడానికి లేదు. ఎవరికి ముందు గురుపట్టం అయిందో వాళ్ళు కిటికీ వైపు, తర్వాతివాళ్ళు తర్వాత, చివరివాడు తలుపు దగ్గర గాలి కొట్టేచోట. ఒకరు పోతే సమాధి దగ్గరనుంచి వచ్చిన పూటే అందరూ లేచి ఒక్కో కుర్చీ పైకి జరుగుతారు. ఎవరూ ఏమీ అనరు, గ్లాసు పట్టుకుని జరుగుతారు అంతే. పొడుగాయనదీ తనదీ ఒకే రోజు పట్టం, ఆ పట్టం పూజలో ఒకే నేలమీద ఇద్దరూ పక్కపక్కన బోర్లా పడుకున్నారు, కానీ పేర్లు పిలిచినప్పుడు పొడుగాయన పేరు ముందొచ్చింది, అందుకని కుర్చీ కూడా ముందే. అంటే రేపో ఎల్లుండో ఈయన ఆ కుర్చీలోకి జరగాలి. వాడు ఒకటి పైకి వస్తాడు, ఈయన వదిలిన కుర్చీలోకి. ఛీ, ఏం ఆలోచనలు ఇవి, మనిషి లోపల ఊపిరి ఎగబీలుస్తుంటే కుర్చీల లెక్కా. అయినా ఆలోచన ఆగితేనా. ఈ అసూయ పాపం అని ఆయనకు తెలియదా. తెలుసు. చెప్పుకోవాలి. ఎవరి దగ్గర చెప్పుకోవాలి, అదీ కష్టం. ఇంటిపెద్దకు రెండు చెవులూ పోయాయి, ఆయన దగ్గర సంకీర్తనం చేస్తే వంటింటి దాకా చేస్తున్నట్టే. ఆయన తర్వాతి ఆయనకు నిన్న విన్నది ఇవాళ గుర్తుండదు, అది మంచిదే కానీ వింటూ వింటూనే మరిచిపోయి ఏమిటి నాయనా వచ్చావు అంటాడు. పొడుగాయన ఇలా. ఇక ఈ ఇంట్లో వినే చెవులున్నది ఆ రేడియోకే. వాడి మీద పడి ఏడుస్తున్నానని వాడి దగ్గరకే వెళ్ళి మోకాళ్ళూనాలి. దేవుడికి కూడా హాస్యం ఎక్కువే.

వంటామె నీళ్ళ గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది. మౌనం వేళ అని ఆమెకు తెలుసు కాబట్టి గుసగుసగా, లోపల ఎంతసేపయింది అంది. చాలాసేపయిందన్నట్టు చెయ్యి ఊపాడు. ఆయన ముఖం ఎలా కనిపించిందో ఏమో, వెళ్ళబోయినామె ఆగింది. "ఎవరు వింటే ఏముంది ఫాదర్, పాపాలు పోవడమే కదా కావలసింది." ఎవరు వింటే ఏముందా. ఆ మాట ఆయనే ఎంతమందికి చెప్పాడో, వినేది గురువైనా క్షమించేది దేవుడమ్మా, గురువు ఎవరైతేనేం అని, ఎన్ని గుళ్ళలో, ఎన్ని చెక్క జాలీల వెనకనుంచి. చెప్పడానికేం. తన దాకా వస్తే తెలుస్తుంది. పాతికేళ్ళ పైమాట, ప్రతి శనివారం సాయంత్రం, తలుపు తట్టి, కుర్చీ వేసుకుని, ఈ చెవితోనే విన్నాడు. జ్వరంతో ఉన్నా విన్నాడు. పొడుగాయన దూరపు విచారణలో ఉన్న రోజుల్లో బస్సు మీద బస్సు ఎక్కి వెళ్ళి విన్నాడు. ఇవాళ, ఆఖరిసారి, అన్నిటికంటే ముఖ్యమైన సారి, నువ్వు కాదు పో అన్నాడు. ఏం చెప్పుకోవాలని, తన దగ్గర చెప్పలేనిది ఏముంది వాడి దగ్గర చెప్పడానికి. తన మీద ఫిర్యాదా. అంతేనేమో. హెడ్డింగులు చదివి తక్కినది వదిలేశాడని.

ఆ పని ఈయనకు ఎవరూ ఇవ్వలేదు, ఈయనే లాక్కున్నాడు. అప్పట్లో పొడుగాయన సంకీర్తనం వినేది పెద్దస్వామి. ఆయన పోయిన రోజున, సమాధి మీద మట్టి ఇంకా తడి ఆరలేదు, దారిలోనే ఈయన పొడుగాయన మోచేయి పట్టుకుని, ఇకనుంచి నేను వింటానురా అన్నాడు. ఎందుకంత తొందర అంటే, అప్పుడు ఇంకొకాయన ఉండేవాడు, వయొలిన్ వాయించే ఆయన, పొడుగాయనకు ఆయనంటే ఇష్టం, ఎక్కడ ఆయన్ని అడుగుతాడో అని. పొడుగాయన నడుస్తున్నవాడల్లా ఆగి ఈయన ముఖంలోకి కాసేపు చూశాడు. నువ్వా అన్నాడు. తర్వాత, సరే, నీ ఇష్టం అన్నాడు. ఆ చూపు ఏమిటో ఈయన ఆనాడు పట్టించుకోలేదు, గెలిచిన సంతోషంలో ఉన్నాడు. పొడుగాయన లోపల ఉన్నదంతా ఇక తనకే. వయొలిన్‌కు తెలియదు, ఎవరికీ తెలియదు.

పెద్దస్వామి నేర్పిన పద్ధతిలోనే కూర్చునేవాడు. శనివారం కుర్చీ అని ఈ ఇంట్లో ఒక రకం కుర్చీ ఉంది, చేతులు లేనిది, దాన్ని ఎదురుగా వేయరు, పక్కకు వేస్తారు, గోడవైపు ముఖం పెట్టి. వినేవాడు చెవి ఇవ్వాలి, కళ్ళు ఇవ్వకూడదు అనేవాడు పెద్దస్వామి. ఇంకో మాట కూడా అనేవాడు, శనివారం విన్నది ఆదివారం తెలియదు అని. చెప్పినవాడు తనంతట తాను ఎత్తితే తప్ప వాడి దగ్గరైనా ఆ ఊసు ఎత్తకూడదు. గోడ మీద క్యాలెండరు, దాని కింద మేకు పడిన గుంట, అది చూస్తూ వినేవాడు. పొడుగాయన గొంతు, ఒరేయ్ అని పిలిచే గొంతు, అక్కడ మాత్రం తండ్రీ అనేది. తండ్రీ, నన్ను ఆశీర్వదించండి. ఆ తర్వాత. ఆ తర్వాత ఆయన మనసు కూడా ఆగిపోతుంది. ఎంత అసూయతో కుతకుతలాడుతున్నా, ఎవరూ చూడని ఈ బెంచీ మీద కూడా, ఆ గుమ్మం దాటి లోపలికి పోదు. అక్కడ విన్నది ఆయన తలలో లేనట్టే లెక్క. దాన్ని తిరగేసుకోవడం ఆయనకు అలవాటు లేదు.

కానీ ఆదివారాలున్నాయి కదా. అవి ఆయనవే, అవి గుర్తు చేసుకోవచ్చు. ఒక ఏడాది, పొడుగాయన నవ్వడం మానేశాడు. అన్నం సగంలో వదిలేసేవాడు, తోటలో గులాబీ మొక్కలకు నీళ్ళు పెడుతూ పెడుతూ గొట్టం అలాగే పట్టుకుని నిలబడేవాడు, కాళ్ళ దగ్గర మడుగు అయ్యేది. వంటామె అడిగింది, ఏమైంది ఫాదర్ అని. ఇంటిపెద్ద అడిగాడు. వయొలిన్ ఆయన భుజం మీద చెయ్యి వేసి ఏమైందయ్యా అని అడగడం ఈయన ఈ కళ్ళతోనే చూశాడు, ఇదిగో ఈ కిటికీలోంచే. పాలవాడు కూడా అడిగాడు. ఇంట్లో అడగనిది ఒక్క ఈయనే. ఎలా అడుగుతాడు. తెలిసి అడిగితే దొంగ, తెలియనట్టు అడిగితే అబద్ధాలకోరు, తెలిసిందో లేదో అన్నది కూడా ఎవరికీ తెలియకూడదు. తోటలో ఎదురైతే గులాబీలకు పేను పట్టిందిరా అనేవాడు. పొడుగాయన అవునండీ అనేవాడు. అండీ. ఎప్పుడు వచ్చి చేరిందో ఆ అండీ. శనివారాల తండ్రీ మెల్లగా ఆదివారాల్లోకి, సోమవారాల్లోకి పాకింది, మీరు అన్నాడు, రండి అన్నాడు, ఒరేయ్ ఎప్పుడు పోయిందో ఈయన గమనించలేదు. గమనించాడు. తన మీద గౌరవం పెరిగిందనుకున్నాడు, తలకాయ.

లోపల నవ్వు. విన్నాడా, భ్రమా. కాదు, నవ్వే, దగ్గుతో కలిసిన నవ్వు, ఆ రొప్పే ఊపిరిలో కూడా. సంకీర్తనంలో నవ్వేమిటి. ఎన్నేళ్ళలో ఒక్కసారైనా తన దగ్గర నవ్వాడా. జేబులోని పట్టీని పిడికిట్లో నలిపాడు, మళ్ళీ నలిగిందే అని మోకాలి మీద పరిచి అరచేత్తో సాపు చేశాడు. అమ్మ కుట్టిన పట్టీ అది, చివర్న శిలువ కాస్త వంకర, కళ్ళు కనపడని రోజుల్లో కుట్టింది. వాడిది ఎలాంటిదో, పట్టుదయి ఉంటుంది, రేడియోవాళ్ళు ఇచ్చి ఉంటారు. లేచి వెళ్ళిపోతే. తోటలోకి పోయి, పిలిస్తే వినపడలేదని. అప్పుడు తెలుస్తుంది పొడుగాయనకు. ఏం తెలుస్తుంది, పోయేవాడికి. లేవలేదు. పోయేవాడు. ఆ మాట ఇప్పటిదాకా పక్కన పెట్టి ఉంచాడు, అసూయ ఉన్నంతసేపూ దానికి చోటు లేకపోయింది. ఆ బల్ల దగ్గర, ఆ గులాబీల దగ్గర, ఆ గదిలో, లేకుండా పోతాడు. ఇప్పుడు వచ్చి ఎదురుగా కూర్చుంది ఆ మాట. కాఫీ గంట వేళ దాటిపోయిందని వంటింట్లో గిన్నెల చప్పుడు చెబుతూనే ఉంది. ఆయన కదల్లేదు.

తలుపు తెరుచుకుంది. రేడియో ఫాదర్ కర్ర చంకలో పెట్టుకుని, మెడలోని పట్టీ తీసి ముద్దు పెట్టుకుని మడత పెట్టాడు. పట్టు కాదు, మామూలు గుడ్డ, అంచులు పీచు లేచి ఉంది. ముఖం ఉబ్బి ఉంది, ఏడ్చిన ముఖం. మిమ్మల్ని రమ్మంటున్నారు అన్నాడు. ఈయన గబుక్కున లేచాడు, జేబులోంచి పట్టీ పైకి వచ్చేసింది, మెడ దాకా వెళ్ళింది చెయ్యి.

"అది వద్దన్నారు ఫాదర్. నాకిచ్చి వెళ్ళమన్నారు. ఇది సంకీర్తనం అయిపోయాక చెప్పిన మాటే, మీకు చెప్పమని."

పోలీసు దగ్గర టోపీ లాక్కున్నట్టుంది. తన సొంత పట్టీ, అమ్మ కుట్టినది, వాడి చేతిలో పెట్టాలి. పెట్టాడు. వాడు దాన్ని రెండు చేతులతో అందుకుని, గంట సంగతి నేను చూస్తాను మీరు వెళ్ళండి అన్నాడు. అదీ తీసుకో, అదొక్కటే మిగిలింది అనుకుంటూ లోపలికి నడిచాడు.

గదిలో మందుల వాసన. కుర్చీ మంచం పక్కన అలాగే ఉంది, గోడవైపు. కూర్చున్నాడు. ఇంకా వెచ్చగా ఉంది. అలవాటు కొద్దీ చెవి ఇటు పెట్టి, చూపు అటు, క్యాలెండరు మీద, దాని కింద గుంట మీద. పట్టీ లేని మెడకు చలివేసినట్టయింది. ఎగబీల్చే ఊపిరి వింటూ, ఏదో ఒకటి అంటాడు, తండ్రీ అంటాడు, క్షమించండి మిమ్మల్ని పిలవలేదు అంటాడు, అప్పుడు పరవాలేదు అనాలి, అంతే, ముఖం మామూలుగా పెట్టి అనాలి అనుకుంటున్నాడు.

"ఒరేయ్."

ఎవర్ని పిలిచాడో ముందు అర్థం కాలేదు. గోడ వంకే చూస్తూ ఉండిపోయాడు.

"కుర్చీ ఇటు తిప్పుకోరా."

లేచి తిప్పాడు. కుర్చీ కాళ్ళు నేల మీద కీచుమన్నాయి, ఆ కుర్చీని ఆ గదిలో అటు తిప్పడం అదే మొదలు. కూర్చుంటే ఎదురుగా పొడుగాయన ముఖం. నర్సమ్మ గడ్డం గీసినట్టుంది, దవడ కింద కాస్త వదిలేసింది. ఎంత చిన్నదైపోయింది ముఖం. మాట మాటకీ ఆగి, గాలి కూడదీసుకుని చెప్పాడు, తన పాపాల పని ఆ రేడియో ఆయనకు అప్పగించేశానని, అది అయిపోయిందని, ఇక శనివారాలు లేవని. నిన్ను పిలిస్తే మళ్ళీ గోడవంక చూస్తావు కదరా అన్నాడు. తర్వాత కళ్ళు మూసుకున్నాడు.

"వినేవాళ్ళు ఎవరైనా దొరుకుతార్రా. నాకు అడిగేవాడు కావాలి. అడుగు."

అడగడానికి ఎన్ని ఉన్నాయి. గులాబీల మడుగు దగ్గరనుంచి ఇవాళ పొద్దుటి దాకా. నోరు తెరిస్తే, పాలవాడు కూడా అడగగలిగిన ఆ ఒక్క ముక్కే బయటికి వచ్చింది.

"ఏమైందిరా?"

పొడుగాయన కళ్ళు తెరిచి ఆయన వంకే చూస్తూ, "భయమేస్తోందిరా" అన్నాడు.

దుప్పటి మీదున్న చేతిని ఆయన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. దేవుడున్నాడనో, ధైర్యంగా ఉండమనో చెప్పలేదు, జీవితమంతా చెబుతూ వచ్చిన మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. నాక్కూడా అన్నాడు. అప్పుడే బయట గంట మోగింది. మూడు కొట్టి, ఆపి, మళ్ళీ మూడు కొట్టాలి. నాలుగు మోగాయి, మధ్యలో కర్ర కింద పడిన చప్పుడయింది, తర్వాత తడబడుతూ ఇంకో రెండు.

"చూశావా, గంట కొట్టడం కూడా రాదు వాడికి" అన్నాడు తాళాల ఫాదర్.

పొడుగాయన భుజాలు కదిలాయి, తర్వాత పెదాలు, ఆ తర్వాత దగ్గుతో కలిసి నవ్వు వచ్చింది. నవ్వుతూనే ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. పోనీలేరా, నువ్వు కూర్చో అన్నాడు.